కుర్మయ్య ఏ ఊరి కాగితంలో ఉన్నాడు

నల్లగొండ జిల్లాలో ఒక కచేరి వెనక, ఉత్తరానికి ఒకటే కిటికీ ఉన్న గదిలో నేను ఇరవై ఒక్కేళ్లు పనిచేశాను. కచేరి పేరు రాయను. ఆ గదికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "మావాడు చనిపోయినట్టు కాగితం కావాలి." నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఏ ఊళ్లో చనిపోయాడు?" దానికి వాళ్లు తమ ఊరి పేరు చెప్పేవాళ్లు. అది నా ప్రశ్నకు జవాబు కాదు. మనిషి ఏ ఊరివాడైనా చావు రాసేది ప్రాణం పోయిన ఊళ్లో. ఈ తేడా తెలియక సొంత ఊరి రిజిస్టరు తిప్పించి తిప్పించి, పేరు కనబడక ఉత్త చేతులతో వెళ్లిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

యాభై అయిదు నిండాయి, పోయిన ఏడాది రిటైరై బయటికి వచ్చాను. ఇప్పుడు అలాంటి గదుల్లో చేరుతున్నవాళ్లు బి.ఎ. చదివినవాళ్లు. నా చదువు ఏడో తరగతి, అదీ ఉర్దూలో. లెక్కలేమో పంచాంగాలూ పాత క్యాలెండర్లూ ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నవి. అయినా కొత్తవాళ్లకు చెప్పదగింది కొంత ఉందనుకుంటున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. రెండే వచ్చాయి, రెండూ ఆలస్యంగా వచ్చాయి.

మొహాఫిజ్ సాబ్

నేను పాలమూరు జిల్లా నుంచి బదిలీ మీద వచ్చేనాటికి ఆ గదికి పెద్ద ఒక ముసలాయన. రికార్డుల కాపరిని అప్పట్లో మొహాఫిజ్ అనేవాళ్లు. ఆయన అసలు పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు.

ఆ రోజుల్లో ఊళ్లో ఎవరైనా చనిపోతే కావలికారు వెళ్లి ఊరి అధికారి పోలీసు పటేలుకు చెప్పేవాడు. పటేలు రాసుకుని నెలకొకసారి చిట్టా పంపేవాడు. కొందరు పటేళ్లు ఏ రోజుది ఆ రోజు రాసేవాళ్లు. కొందరు నెలాఖరున కూర్చుని గుర్తున్నంత వరకు రాసేవాళ్లు. నెలలో ఆరుగురు చనిపోతే ఆరుగురూ ఇరవై ఎనిమిదో తారీకునే పోయినట్టు కనిపించే ఊళ్లు నాకు తెలుసు. కాబట్టి తారీకును నమ్మి వెతకవద్దు. ముందొక నెల, వెనకొక నెల చూడండి.

పాత చిట్టాల్లో సంవత్సరం ఫసలీ, అంటే నిజాం సర్కారు లెక్క. అది అక్టోబరులో మొదలవుతుంది. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే మొదటి మూడు నెలలకు అయిదు వందల తొంభై కలపాలి, మిగిలిన తొమ్మిది నెలలకు అయిదు వందల తొంభై ఒకటి. అన్నిటికీ ఒకే అంకె కలిపి, ఒక ఏడాది పక్కన వెతికి, దొరకలేదని చేతులెత్తేసిన గుమాస్తాలున్నారు. నేను ఒక అట్ట మీద పట్టిక గీసి కిటికీ పక్కన మేకుకు తగిలించాను. మొహాఫిజ్ సాబ్ దాన్ని చూసి నవ్వాడు.

"తమ్మీ, లెక్క మంచిగున్నది. గని లెక్క తోటి సంవత్సరం దొరుకుతది, మనిషి దొరకడు."

"మరి మనిషి ఎట్ల దొరుకుతడు సాబ్?"

"ఊరి పేరు అడగకు. ఆ దినం ఆ మనిషి కాళ్లు ఏడున్నయో అడుగు. కాళ్లు ఏడుంటే కాగితం ఆడుంటది."

ఆ మాట రుజువు కావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒకాయన భార్య చావు కాగితం కోసం రెండేళ్లుగా తిరుగుతున్నాడు. వాళ్ల ఊరి చిట్టాలన్నీ చూశాం, లేదు. మొహాఫిజ్ సాబ్ పాన్ దవడకు పెట్టుకుని ఒక్క మాట అడిగాడు: "తొలి కాన్పా?" అవునన్నాడు. "అయితే తల్లిగారింట్ల సూడుండ్రి. తొలి కాన్పుకు అత్తగారింట్ల ఎవరుంటరయ్యా?" ఆమె తల్లిగారి ఊరి చిట్టాలో, తండ్రి ఇంటిపేరు కింద, పది నిమిషాల్లో దొరికింది.

ఆ రోజు నేను మధ్యాహ్నం అన్నానికి వెళ్లలేదు. నా భార్య కూడా తల్లిగారింట్లోనే పోయింది, పెళ్లయిన నాలుగో ఏట, జ్వరంతో. నేను అప్పుడే నల్లగొండకు బదిలీ అయి వచ్చాను. ఆ తర్వాత ఒకసారి పాలమూరు వెళ్లినప్పుడు ఆ ఊరి చిట్టా తీయించి చూశాను. చావు తెలియజేసినవారు అన్న గడిలో మా బావమరిది పేరుంది. ఎవరు తెలిపితే వాళ్ల పేరే రాస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆమె చావు రాసిన కాగితంలో నేనెక్కడా లేను. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కిరాయి గది, హోటలు భోజనం, కచేరి. ఇరవై ఒక్కేళ్లూ అంతే.

రోజుకు అరవై పేర్లు

రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డాక మొహాఫిజ్ సాబ్ రిటైరయ్యాడు. ఆయన తర్వాత వచ్చిన అధికారికి ఉర్దూ రాదు. ఉర్దూ చిట్టాలన్నీ తెలుగు రిజిస్టర్లలోకి ఎక్కించమన్నాడు. ఆలోచన మంచిదే. ఆ లిపి చదివేవాళ్లు తగ్గిపోతున్నారు. మనిషికి రోజుకు అరవై పేర్లు అని లెక్క కట్టాడు. నేను వద్దనలేదు. అంకె చెబితే దాన్ని అందుకోవడం నాకు సరదా. డెబ్భై ఎక్కించిన రోజులున్నాయి.

కొందరు పటేళ్లు గడులు గీసేవాళ్లు కారు. పేరు, కులం, ఊరు, జబ్బు అన్నీ ఒకే వరుసలో రాసేసేవాళ్లు. ఉర్దూలో చాలా అచ్చులు రాయరు, చదివేవాడు ఊహించుకోవాలి. ఏ మాట ఏ గడిలోకి వెళ్లాలో నేనే తేల్చి ఎక్కించేవాణ్ని. బాగా చేస్తున్నాననే అనుకున్నాను.

"లేదు" అన్న మాట

పందొమ్మిది వందల అరవై రెండులో, వానలు పడే రోజుల్లో, కచేరి మూసే వేళకు ఒక ఆడమనిషి వచ్చింది. ఇరవై అయిదేళ్లుంటాయి. పేరు మణెమ్మ.

"సారూ, మా నాయిన కాగితం కావాలె."

"పేరు?"

"కుర్మయ్య. మాది ఆత్మకూరు దిక్కు పల్లె."

ఆత్మకూరు అనగానే తలెత్తాను. మా ఊరూ అటే, పాలమూరు జిల్లాలో. ఆ మాట ఆమెకు చెప్పలేదు. చెబితే కూర్చోబెట్టి ఊరి సంగతులు అడగాలి. నాకు ఆ అలవాటు తప్పి చాలా కాలమైంది.

"ఎక్కడ చనిపోయాడు?"

"సచ్చెనో లేదో అదే ఎరుక లేదు. ఈ జిల్లల కాలువ తవ్వ వచ్చిండు, మావూరోళ్ల తోటి. మొక్కున్నదని గుట్టకు పోతానని పని కాడికెల్లి పోయిండంట. మల్ల రాలే. నాకప్పుడు పద్నాలుగేండ్లు. పాల్గుణంల."

గుట్ట అంటే యాదగిరిగుట్ట. ఫాల్గుణంలో అక్కడ నరసింహస్వామి ఉత్సవాలు. ఆమె వయసు పట్టి లెక్క కడితే యాభై ఒకటి.

"కాగితం దేనికమ్మా? భూమి ఉందా?"

"భూమి యాడిది సారూ. పెత్రమాసకు నాయిన పేరు మీద బియ్యమియ్యాల్నా వద్దా, గంతే. మా అమ్మ ఇయ్యనిస్తలేదు. బియ్యం సచ్చినోళ్లకు ఇస్తరుగని బతికున్నోళ్లకు ఇస్తరానే అంటది. ముందుగాల కాగితం తెమ్మంటది."

భాద్రపద అమావాస్య నాడు మా వైపు ఇంటింటా పోయినవాళ్ల పేర్లు చెప్పి, చాటలో బియ్యం, కూరగాయలు పెట్టి పురోహితుడికి, అదే అయ్యవారికి, ఇస్తారు. ఆ రోజు పేరు పిలవని మనిషి అటు పోయినవాళ్లలోనూ లేడు, ఇటు ఉన్నవాళ్లలోనూ లేడు. మణెమ్మకు కావలసింది తండ్రి ఈ రెంటిలో ఎక్కడున్నాడో తేలడం.

నేను గుట్ట చిట్టా నుంచి ఎక్కించిన రిజిస్టరు తీసి యాభై ఒకటి చూశాను. ముందు ఏడాది, వెనక ఏడాది కూడా చూశాను. కుర్మయ్య లేడు. గడియారం అయిదు దాటింది.

"లేదమ్మా," అన్నాను.

"లేదా?"

"లేదు."

ఆమె వెళ్లిపోయింది. కాళ్లు ఎక్కడున్నాయో అడగమని పదహారేళ్ల కిందట నాకు చెప్పిన మనిషి ఉన్నాడు. నేను అడగలేదు.

మూడేళ్ల తర్వాత శ్రావణంలో మణెమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి పొద్దున్నే వచ్చి గడప దగ్గర నిలబడింది.

"యాదికున్ననా సారూ? కుర్మయ్య బిడ్డను."

గుర్తుందన్నాను.

"మీరు చెప్పిన మాట అమ్మకు చెప్పిన. కాగితం లేదంటే మనిషి ఉన్నట్టేనే అన్నది. అప్పటి సంది దినాం నాయిన పేరు మీద ఒక ముద్ద తీసి పెడతాంది. బస్సు వచ్చే యాళ్లకు గడప కాడ కూసుంటది. కండ్లు మంచిగ అవుపడవు, ఎవరు దిగినా నీ నాయిననా అంటది. ఊర్ల నవ్వుతరు. మూడేండ్లాయె సారూ."

"నేను కాగితం లేదన్నానమ్మా. మనిషి ఉన్నాడని అనలేదు గదా."

"మీరు ఏమన్నరో మీకెరుక. మాకు ఇనబడింది గదే."

ఆ జవాబు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను చూసింది ఒక్క ఊరి రిజిస్టరు. నేను చెప్పవలసింది "గుట్ట రిజిస్టర్లో మూడేళ్లు చూశాను, అందులో లేదు" అని. నేను "లేదు" అని ఊరుకున్నాను. గుమాస్తా నోట్లో ఆ మాటకు కాగితం లేదని అర్థం. వినేవాళ్ల ఇంట్లో దాని అర్థం వేరు. కొత్తగా చేరినవాళ్లు ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఎక్కడ చూశారో చెప్పండి, ఎక్కడ చూడలేదో కూడా చెప్పండి. ఉత్త "లేదు" అనే హక్కు మనకు లేదు.

కోసుల లెక్క

మణెమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, మొదటిసారి అడగవలసినవి అప్పుడు అడిగాను. కాలువ పని ఏ ఊరి దగ్గర? ఎవరితో వెళ్లాడు? నడిచి వెళ్లాడా, బండి మీదా? వెళ్లేనాటికి ఒళ్లు ఎలా ఉంది?

"ఒక్కడే పోయిండంట, కట్టె పట్టుకోని. ఒళ్లు కాలుతాంది, నాలుగొద్దులు ఆగుర అంటే, మొక్కు తీరితే జరమే పోతదన్నడంట."

జ్వరం. ఆ ఒక్క మాట మూడేళ్ల కింద అడిగి ఉంటే సరిపోయేది.

పని జరిగిన చోటు నుంచి గుట్టకు ముప్పై కోసులు, అంటే సుమారు అరవై మైళ్లు. బాగున్న మనిషి రోజుకు పది కోసులు నడుస్తాడు. రాత్రి మకాం పదో కోసు దగ్గర ఒకటి, ఇరవయ్యో కోసు దగ్గర ఒకటి. ఆ రెండు ఊళ్ల రిజిస్టర్లు ముందు చూశాను. ఏమీ దొరకలేదు. దొరకదని తెలిసే చూశాను. ఆ లెక్క బాగున్న మనిషిది.

ఒళ్లు కాలే మనిషి మొదటి రోజు ఎనిమిది నడుస్తాడు. రెండో రోజు అయిదు. మూడో రోజు మూడు. అంటే పదహారు కోసులు. పదమూడో కోసుకూ పద్దెనిమిదో కోసుకూ మధ్య బాట మీద అయిదు ఊళ్లున్నాయి. వాటి రిజిస్టర్లు బల్ల మీద వరసగా పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. నాలుగో ఊళ్లో, ఆ ఫాల్గుణానికి సరిపడే నెలలో, ఒక వరుస ఇలా ఉంది: పేరు తెలియదు. కులం కురుమ. ఊరు పాలమూరు. తెలిపింది కావలికారు ముత్తయ్య. జ్వరం.

కురుమవాళ్లు గొర్లు కాచుకునేవాళ్లు. మణెమ్మ వాళ్లు కురుమలు కారు. ముందుకు వెళ్లబోయాను. అప్పుడు ఆ అక్షరాలు చూశాను. అవి నావి. కొమ్ము చివర తోక పైకి లాగి రాయడం ఆ గదిలో నాకొక్కడికే అలవాటు.

అటక మీద నుంచి ఆ ఊరి అసలు చిట్టా దింపాను. గడులు లేని కాగితం. ఉర్దూలో నాలుగు మాటలు ఒకే వరుసలో ఉన్నాయి. మొదటి మాట కురుమ కాదు. దాని చివర ఇంకా రెండు అక్షరాలున్నాయి. అవి కలం జారిన గీతలని అనుకున్నట్టున్నాను. కూడబలుక్కుని చదివితే కుర్మయ్య.

మా వైపు కురుమూర్తి స్వామికి మొక్కుకుని పుట్టిన పిల్లలకు కుర్మయ్య అని పెడతారు. దీపావళి అయ్యాక జరిగే ఆ జాతరలో ఆ పేరు పెట్టి పిలిస్తే పదిమంది తిరిగి చూస్తారు. నల్లగొండ వైపు ఆ పేరు లేదు. నల్లగొండ గుమాస్తా ఎవరైనా దాన్ని కులం పేరు అనుకుంటే క్షమించవచ్చు. నేను నల్లగొండవాణ్ని కాను. మా మేనమామ పేరు కుర్మయ్య. చిట్టా నా చేతికి వచ్చేనాటికి ఆ జాతరకు వెళ్లి పదకొండేళ్లయింది. ఆ పేరు నోటితో పలికి ఎన్నేళ్లయిందో లెక్క లేదు.

ఆదివారం నాడు ఆ ఊరికి వెళ్లాను. అప్పటి పటేలు లేడు. కావలికారు ముత్తయ్య ఉన్నాడు, ముసలివాడు. అడగగానే చెప్పాడు.

"ఎందుకు యాదికుండదు? మా చావడి అరుగు మీదనే పడిపోయిండు. గంజి తాపిన. పేరేందిర అంటే కుర్మయ్య అన్నడు. కుర్మోనివా అన్న. కాదు కాదు, కుర్మయ్య అన్నడు. రెండుపాల్లు చెప్పిండు పాపం. మా దిక్కు గసొంటి పేరు ఇనలే. గని ఆయన ఎట్లన్నడో పటేలుకు గట్లనే చెప్పిన. తప్పు రాసిండా ఏంది?"

"లేదు. పటేలు సరిగ్గానే రాశాడు," అన్నాను.

అంత జ్వరంలో ఆ మనిషి తన పేరు రెండుసార్లు చెప్పాడు. కావలికారు దాన్ని మార్చకుండా పటేలుకు చేర్చాడు. పటేలు మార్చకుండా కాగితం మీద పెట్టాడు. ఆరేళ్లు అటక మీద భద్రంగా ఉన్న పేరు, రోజుకు అరవై ఎక్కించే నా దగ్గరికి వచ్చాక పోయింది.

రిజిస్టర్లో నా వరుస కొట్టేసి, పైన ఎర్ర సిరాతో సరిచేసి, తప్పు నాదేనని పక్కన రాసి, అధికారి చేత సంతకం చేయించాను.  "ఇంకా ఎన్ని ఉండి ఉంటాయి?" అని ఆయన అడిగాడు. తెలియదన్నాను. ఆ తర్వాత రెండేళ్లు, రిటైరయ్యేదాకా, నేను ఎక్కించిన "పేరు తెలియదు" వరుసలన్నీ అసలు చిట్టాలతో పోల్చి చూశాను. మరో నాలుగు పేర్లు తేలాయి. వాటి కోసం ఎవరూ రాలేదు.

పెత్రమాస

నకలు పోస్టులో పంపవచ్చు. నేను సెలవు పెట్టి, పెత్రమాస నాటి పొద్దుటికి ఆత్మకూరులో బస్సు దిగాను. అక్కడి నుంచి నడిచాను. మణెమ్మ తల్లి బుచ్చమ్మ గడపలో కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడుకు తల తిప్పింది.

"ఎవరూ?"

"కాగితం సారే అమ్మా," అంది లోపలి నుంచి మణెమ్మ.

ఎదురుగా కూర్చుని నకలు చదివాను. ఊరు, నెల, జ్వరం, తెలియజేసింది కావలికారు ముత్తయ్య అని. తప్పు ఎలా జరిగిందో కూడా దాచకుండా చెప్పాను. ఆమె మొత్తం విన్నది.

"పక్కన ఎవరన్న ఉండిరా?"

"కావలికారు ఉన్నడు. గంజి తాపిండంట."

"తాగెనా?"

"తాగిండంట."

"మంచిది." నా వైపు జరిగి, "నీదేవూరు సారూ?" అంది.

చెప్పాను.

"ఓయమ్మ, మనోడివే గద! మీ ఇండ్లల్ల కుర్మయ్యలు లేరా?"

"మా మేనమామ పేరు కుర్మయ్యనే."

"మేనమామనా?" చీకటి పడ్డ కళ్లతో నా వైపే చూసింది. "మరి గుర్తు వట్టకపోతివి."

 ఆమె ఆ మాట అడిగి వదిలేసింది. చేతులు నేలకు ఆనించి లేచి, చాట తెమ్మని బిడ్డతో చెప్పింది. బియ్యం గంప ముందుకు లాక్కుంది.

"పోయినేటి దాంక ఎన్ని పెత్రమాసలు తప్పినయి? నీకు లెక్కలొస్తయంట గద."

"పద్నాలుగు."

"పెద్దగ లెక్కవెట్టు."

ఆమె దోసిలితో పోస్తుంటే నేను లెక్క చెప్పాను. ఒకటి, రెండు, మూడు. పదకొండు దగ్గర ఆగి చాట నా వైపు జరిపింది.

"గీ మూడు నావి గావు. నువ్వు లేదన్నంక తప్పినయి. నువ్వు పొయ్యి."

పోశాను. నా దోసిలి ఆమె దోసిలి కంటే పెద్దది. అన్నీ సమంగా ఉండాలని కొంచెం బియ్యం గంపలోకి వదిలాను. ఆమెకు చప్పుడు వినబడింది.

"ఎనకకు తియ్యకు," అంది.

తీయలేదు. మూడూ నిండుగా పోశాను. పదిహేనోది, ఈ ఏటిది, మణెమ్మ పోసింది. పైన బీరకాయలు, చింతపండు పెట్టారు. అయ్యవారు వచ్చి వాకిట్లో నిలబడి, ఎవరి పేరు మీద అని అడిగాడు. మణెమ్మ నోరు తెరవబోతే తల్లి చేయి పట్టుకుని ఆపింది.

"సారు చెప్తడు."

చెప్పాను. అయ్యవారికి ఒక్కసారికే అర్థమైంది.